ఫెయిలు కావలసిన స్కూటరు

ఆ రోజు ఉదయం నర్సమ్మ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. టీ తాగడం, స్కూటరు మీద పొగ పరీక్షా కేంద్రానికి వెళ్ళడం, అక్కడ స్కూటరు ఫెయిలవడం, దాన్ని అక్కడే వదిలేసి కరెంటు స్కూటరు మీద భోజనం వేళకు ఇంటికి రావడం. ఇందులో కాస్త అనుమానంగా ఉన్నది టీ ఒక్కటే. ఎందుకంటే అది పెట్టాల్సింది ఆవిడ భర్త, డ్రాయింగు మాస్టారు.

ప్రభుత్వం వారి పథకం కూడా అంత సూటిగానే ఉంది. పొగ కక్కే పాత బండిని తెచ్చి అప్పగిస్తే కొత్త కరెంటు బండి సగం ధరకే ఇస్తారు. అయితే ఆ బండి నిజంగానే పొగ కక్కుతోందని కేంద్రంలోని యంత్రం ఒప్పుకోవాలి. బాగున్న బండి తెచ్చేవాడికి నమస్కారం పెట్టి పంపేస్తారు. పథకానికి ఆ రోజే ఆఖరు.

నర్సమ్మ స్కూటరు పాసవుతుందని పగవాళ్ళు కూడా అనరు. సైలెన్సరుకు ఆ పేరు పెట్టినవాడు దీన్ని చూసి ఉండడు. అది బయలుదేరుతోందంటే ఎదురింటి పిన్నిగారు ఆరేసిన బట్టలన్నీ లోపలికి తీసుకుపోయేవారు, అది మలుపు తిరిగాక మళ్ళీ తెచ్చి ఆరేసేవారు.

ఆ చప్పుడే నర్సమ్మ ఉద్యోగానికి ముప్పు తెచ్చింది. ఆవిడ పని పురిటి ఇళ్ళకు వెళ్ళి తల్లినీ బిడ్డనూ చూసి రావడం. తెల్లవారేసరికి సంచీ, బిడ్డల్ని తూచే త్రాసు తీసుకుని బయలుదేరుతుంది. ఎంత గుక్కపట్టిన బిడ్డయినా ఆవిడ అరచేతిలోకి వస్తే ఊరుకుంటుంది. వచ్చిన చిక్కల్లా ఆవిడ రావడంతోనే. ఈమధ్య నెలలు నిండకుండా పుట్టిన కవలల నాయనమ్మ ఆసుపత్రికి ఫోను చేసింది. "మీ నర్సు బంగారంలాంటి మనిషండి. కానీ ఆవిడ బండి వీధి మొదట్లో ఉండగానే ఇద్దరూ లేచి ఏడుపు లంకించుకుంటున్నారు. మళ్ళీ నిద్రపుచ్చేసరికి మాకు మధ్యాహ్నమవుతోంది." పెద్ద డాక్టరమ్మ నర్సమ్మను పిలిచి నెమ్మదిగానే చెప్పింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే ఉదయం తిరుగుడు వేరే వాళ్ళకు ఇవ్వక తప్పదని. రేపు మళ్ళీ కవలల ఇంటికే వెళ్ళాలి. ఆ తిరుగుడు పోతే జీతం పోదు, నర్సమ్మకు మాత్రం ప్రాణం పోయినంత పనవుతుంది.

అందుకని పొరపాటు జరగకుండా మాస్టారు ముందురోజు సాయంత్రమే స్కూటరును మెకానిక్ షెడ్డుకు తోలుకెళ్ళారు. కేంద్రం ఊరి చివర ఉంది, దారిలో ఆగిపోతే పరువు పోతుంది. మాస్టారు బొమ్మల్లో రంగులు ధారాళంగా వాడతారు గానీ మాటల్లో పొదుపరి. "రేపు దీనికి గవర్నమెంటు పరీక్ష ఉంది మేస్త్రీ. కాస్త చూడండి," అని చెప్పి వచ్చేశారు.

ఆ వీధికంతటికీ ఒకే మెకానిక్, అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. ఆయన చేతిలోంచి వెళ్ళిన బండి ఏ పరీక్షలోనూ తప్పిన పాపాన పోలేదు. ఆయన కరెంటు బండ్ల పేరెత్తితే మాత్రం స్పానరు కింద పెట్టేసేవాడు. "అది బండా, మిక్సీనా? చెడిపోతే ఎవడు చూస్తాడు? నేను మాత్రం చూడను," అనేవాడు. ఆయన చూడనన్న వస్తువును కొనే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు. సర్కారువారు గోడలనిండా ప్రకటనలు అంటించినా, తగ్గింపు మీద తగ్గింపు ఇచ్చినా ఆ వీధి నుంచి ఒక్కరూ కదలలేదు. నర్సమ్మ కూడా ఈ సంగతి మేస్త్రి చెవిన పడకుండానే కానిచ్చేద్దామనుకుంది.

తెల్లవారాక మాస్టారు టీ పెట్టబోతూ తలుపు తీసేసరికి గేటు ముందు మేస్త్రి స్కూటరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. స్కూటరు తళతళలాడుతోంది.

"తోసుకుంటూ వచ్చారా మేస్త్రీ? స్టార్టవలేదా?" అన్నారు మాస్టారు కంగారుగా.

మేస్త్రి ముఖం వెలిగిపోయింది. "చెయ్యి పెట్టి చూడండి మాస్టారూ. ఇంజను నడుస్తూనే ఉంది."

మాస్టారు చెయ్యి పెట్టారు. నిజమే. లోపల ఎవరో మెల్లగా గుసగుసలాడుతున్నట్టుంది. వెనక్కి వెళ్ళి సైలెన్సరు చూశారు. పొగ లేదు. ఎదురింట్లో పిన్నిగారు దండెం దగ్గర నిలబడి తాపీగా బట్టలు ఆరేస్తూనే ఉన్నారు.

నర్సమ్మ బయటికి వచ్చింది. మేస్త్రి చేతులు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టాడు. "ఎన్నేళ్ళ నుంచో అడుగుతున్నానమ్మా, ఒక్కరోజు బండి నాకు వదలమని. మీకు తీరితేనా? నిన్న మాస్టారు పరీక్ష అనగానే దుకాణం మూసేసి కూర్చున్నాను. రింగులు మార్చాను, సైలెన్సరు విప్పి కాల్చి కడిగాను. ఇది పాసవకపోతే నేను స్పానరు ముట్టుకోను."

"ఎంతయింది మేస్త్రీ?" అంది నర్సమ్మ నీరసంగా.

"ఆ మాట అనకండమ్మా. మా పిల్ల పుట్టి పాలు తాగకుండా ఉన్నప్పుడు వానలో తడుస్తూ రోజూ వచ్చారు. అప్పుడు నేను అడిగానా ఎంతని?" అనేసి మేస్త్రి వెళ్ళిపోయాడు.

నర్సమ్మ మాస్టారి వైపు చూసింది. ఎన్నో ముఖాలు గీసిన చేయే గానీ ఆ చూపును గీయడం మాస్టారికి కూడా చేతకాదు.

"చూడమన్నానే గానీ బాగుచేయమన్నానా?" అన్నారాయన.

"మేస్త్రిని చూడమంటే మరేం చేస్తాడండీ, దిష్టి తీస్తాడా?"

ఆ సమయానికే నర్సమ్మ తమ్ముడు సైకిలు మీద దిగాడు. కొత్త బండి మీద మొదటి సవారీ తనదేనని అక్క దగ్గర మాట తీసుకున్నవాడు. ప్రపంచంలో దేనికైనా అతని దగ్గర ఒక ఉపాయం ఉంటుంది. అది పనిచేయకపోతే ఇంకొకటి ఉంటుంది. సంగతి విని పకపక నవ్వాడు. "ఇంతేనా బావా? బాగుచేయడానికి మేస్త్రి కావాలి గానీ చెడగొట్టడానికి మనం చాలమా? పెట్రోల్లో ఆయిలు ఎక్కువ పోద్దాం. పొగ దానంతటదే వస్తుంది."

పెట్రోలు బంకులో ఆ పని చేశారు. తమ్ముడు చెప్పింది నిజమే. నాలుగు వీధులు దాటేసరికి వెనక నుంచి సన్నగా నీలం పొగ లేచింది. వెనక కూర్చున్న మాస్టారు తల తిప్పి చూసి, "వస్తోందే, వస్తోంది," అన్నారు. బిడ్డకు మొదటి పన్ను వచ్చినా ఇంతగా మురిసిపోరు. నర్సమ్మ కూడా నవ్వింది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ సైకిలు మీద వెనకే వస్తున్న తమ్ముడికి ఆ పొగ ఆనలేదు. సిగ్నలు దగ్గర బండి ఆగినప్పుడు సైకిలు దిగి, "గట్టిగా రావాలి కదక్కా, యంత్రానికి కనబడొద్దూ," అంటూ తన చేతిరుమాలు సైలెన్సరులో కూరాడు. పచ్చలైటు వెలిగింది. స్కూటరు ఒక్క ఎక్కిలి పెట్టి ఆగిపోయింది. వెనక బస్సు, దాని వెనక పాలవ్యాను, వాటి వెనక ఊళ్ళో సగం హారన్లు మోగించాయి. ముగ్గురూ కలిసి బండిని పక్కకు తోశారు. మాస్టారి చెప్పు రోడ్డు మధ్యలో ఉండిపోయింది, దాని మీదుగా బస్సు వెళ్ళిపోయింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే పెద్ద పొగమేఘం ఒకటి వాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. పొగ విడిపోయాక అందులోంచి మేస్త్రి బయటపడ్డాడు. సామాన్ల సంచీతో తన మోపెడ్ మీద ఉన్నాడు.

"నా చేతి బండి పరీక్ష పాసవుతుంటే చూద్దామని వస్తున్నానమ్మా. ఏమైంది?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పకముందే వంగి సైలెన్సరులోంచి చేతిరుమాలు లాగాడు. దాన్ని తిప్పి తిప్పి చూశాడు. మూత తీసి ట్యాంకు వాసన చూశాడు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇది కావాలని చేసింది. నా పని మీద కన్ను కుట్టినవాడెవడో చేశాడు. వాడు దొరికితే చెప్పండి మాస్టారూ, పిస్టన్‌కు కట్టి స్టార్ట్ చేస్తాను."

తమ్ముడు ఆకాశంలోకి చూస్తూ కాకుల గురించి ఏదో అన్నాడు. నుదుట చెమట కారుతున్నా జేబులో చెయ్యి పెట్టలేదు, పెట్టినా అందులో ఏమీ లేదు.

మేస్త్రి రోడ్డు పక్కన కూర్చుని ట్యాంకు మొత్తం డబ్బాలోకి వంపాడు. ప్లగ్గు తీసి తుడిచాడు. తన దగ్గరున్న మంచి పెట్రోలు పోశాడు. ఆయన పనిచేస్తుంటే నర్సమ్మ భర్త చెవిలో, "చెప్పేయండీ," అంది.

"నువ్వే చెప్పు."

"పసిగుడ్డుకు సూది వేయమన్నా వేస్తాను. ఆ మనిషి ముఖం చూస్తూ ఈ మాట చెప్పలేను."

స్కూటరు మళ్ళీ గుసగుసలాడింది. "ఇంక నేను వెనకే వస్తానమ్మా. ఎవడు దగ్గరికి వస్తాడో చూస్తాను," అన్నాడు మేస్త్రి. అలా ఫెయిలు కావలసిన బండి, చెడిపోకుండా కాపలాతో కేంద్రానికి చేరింది.

కేంద్రం పెద్ద రేకుల షెడ్డు. ఒక పక్క పాత బండ్లు మూలుగుతూ వరుసలో నిలబడి ఉన్నాయి. ఇంకో పక్క కరెంటు స్కూటర్లు ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో మెరిసిపోతున్నాయి. మధ్యలో యంత్రం, దాని పక్కన ఇన్‌స్పెక్టరు. యంత్రానికున్న గొట్టాన్ని సైలెన్సరులో పెట్టగానే పైన ఎర్రదీపం వెలిగితే ఫెయిలు, ఆకుపచ్చది వెలిగితే పాసు. ఫెయిలైన బండి మళ్ళీ రోడ్డెక్కడానికి వీల్లేదు. అక్కడే అప్పగించి, చీటీ తీసుకుని, పక్కకు వెళ్ళి కొత్తది కొనుక్కోవాలి. ఎర్రదీపం వెలిగినవాళ్ళంతా చప్పట్లు కొట్టుకుంటున్నారు. ఫెయిలైనందుకు జనం అంతగా సంబరపడే చోటు ఇంకెక్కడా ఉండదు.

నర్సమ్మ వంతు వచ్చింది. ఎర్రదీపం వెలగలేదు. ఇన్‌స్పెక్టరు స్కూటరును చూశాడు. దాని కాగితాలు చూశాడు. మళ్ళీ స్కూటరును చూశాడు.

"ఇది మీ పెళ్ళికి ముందు బండాండీ?"

"మా ఆయన పెళ్ళిచూపులకు దీని మీదే వచ్చారు," అంది నర్సమ్మ. "ఇంకోసారి చూడండి సార్. కాస్త గట్టిగా చూడండి."

ఆయన గట్టిగానే చూశాడు. గొట్టం దులిపాడు, తీగలు సవరించాడు, యంత్రాన్ని ఆపి మళ్ళీ వేశాడు. ఆకుపచ్చ దీపం చెక్కు చెదరలేదు. వరుసలో ఉన్నవాళ్ళు గుమిగూడారు. మేస్త్రి ఛాతీ అంగుళం అంగుళం పెరిగింది.

"నా సర్వీసులో ఇలాంటిది చూడలేదు. ఈ వయసు ఇంజను ఇంత శుభ్రంగా ఊపిరి వదలడం అబద్ధం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "యంత్రమే చెడిపోయుంటుంది. ఏదైనా పొగ వచ్చే బండి ఉంటే పెట్టి చూడాలి. ఎవరిదైనా ఇవ్వండి."

వరుసలో ఎవరూ కదల్లేదు, వంతు పోతుందని. తన పని గొప్పతనం యంత్రం తప్పు కింద కొట్టుకుపోతుంటే మేస్త్రి ఎలా ఊరుకుంటాడు? మోపెడ్‌ను తోసుకొచ్చి నిలబెట్టాడు. "నాది పెట్టండి సార్. యంత్రం మంచిదో చెడ్డదో తేలిపోతుంది."

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. దీపం కింద చీకటి అన్నట్టు, ఊళ్ళో బండ్లన్నీ బాగుచేసే మేస్త్రికి తన మోపెడ్ విప్పి చూసే తీరిక ఏనాడూ దొరకలేదు. గొట్టం పెట్టారో లేదో ఎర్రదీపం వెలిగింది. వెలిగి ఊరుకోక గంట కూడా మోగింది. ఆ యంత్రంలో గంట ఉందని ఇన్‌స్పెక్టరుకే తెలియదు.

"యంత్రం బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. నర్సమ్మ స్కూటరుకు పాసైనట్టు ముద్ర వేశాడు. "క్షమించాలమ్మా, మీకు తగ్గింపు రాదు. ఇంత మంచి బండిని తీసుకుంటే నా ఉద్యోగం పోతుంది." తర్వాత మేస్త్రి వైపు తిరిగాడు. "మీ మోపెడ్ ఇటు పెట్టేయండి. అది బయటికి వెళ్ళకూడదు. మీకు తగ్గింపు ఉంది, వెళ్ళి ఏ రంగు కావాలో చూసుకోండి."

మేస్త్రికి మొదటి సగమే వినబడింది. "తగ్గింపా? అమ్మకు తగ్గింపు ఏమిటి?" అన్నాడు. మాస్టారు నేల చూపులు చూశారు. తమ్ముడు మళ్ళీ కాకుల కోసం వెతికాడు. మేస్త్రి నెమ్మదిగా ఆ వరుసను చూశాడు, ఎర్రదీపాన్ని చూశాడు, మెరుస్తున్న కరెంటు బండ్లను చూశాడు.

"అమ్మా, మీరు ఫెయిలవడానికా వచ్చింది?"

ఇంక దాచి లాభం లేదు. నర్సమ్మ కవలల సంగతి, నాయనమ్మ ఫోను, డాక్టరమ్మ మాట అన్నీ చెప్పింది. మేస్త్రి పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు. ఆ ముఖం చూసి నర్సమ్మకు తన బాధ మరిచిపోయేంత బాధ కలిగింది.

"మీకు మేలు చేయబోయి కొంప ముంచానమ్మా," అన్నాడాయన. చటుక్కున లేచాడు. "ఉండండి. ఒక్క స్క్రూ తిప్పితే చాలు, షెడ్డంతా పొగ చేస్తాను. సార్, ఇంకోసారి గొట్టం పెట్టండి." స్క్రూడ్రైవరు తీసి స్కూటరు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్క్రూ మీద ఆనించాడు. తిప్పలేదు. ఇంకోసారి ఆనించాడు. ఇన్‌స్పెక్టరు కూడా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.

నర్సమ్మ వంగి ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసేసుకుంది. "వద్దు మేస్త్రీ. అంత చక్కగా చేసినదాన్ని చెడగొడితే నాకు అన్నం సయించదు. నేను నడిచి వెళ్తాలెండి."

అది పైపైకి అన్న మాట కాదు, మనసులోంచి అన్నదే. మాస్టారు భార్య వైపే చూస్తూ ఉండిపోయారు. పెళ్ళిచూపుల నాడు కూడా ఆయన ఆవిడను అంత ఇష్టంగా చూసి ఉండరు.

మేస్త్రి తన తగ్గింపును అమ్మగారి పేర రాయమని ఇన్‌స్పెక్టరును బతిమాలాడు. కుదరదన్నారు. మోపెడ్ ఇచ్చేయమని దబాయించాడు. అదీ కుదరదన్నారు. సామాన్ల సంచీ భుజాన వేసుకుని ఊరి చివర నుంచి నడిచి వెళ్ళలేడు. చివరికి సగం ధర వాయిదాల్లో కడతానని సంతకం పెట్టి, ఇష్టం లేని సంబంధానికి తల వంచిన పెళ్ళికొడుకులా ఒక ఎర్రటి కరెంటు స్కూటరు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. తాళం తిప్పాడు. చప్పుడు రాలేదు. "చూశారా, అప్పుడే చచ్చింది," అన్నాడు తృప్తిగా. అంటూ హ్యాండిలు తిప్పాడు. అది ఆయనతో సహా దూసుకెళ్ళి పూలకుండీని పడగొట్టి ఆగింది. మేస్త్రి కుండీ వైపు చూడలేదు. ఎక్కడి నుంచి వచ్చిందా ఊపు అని బండి కిందికి వంగి చూశాడు.

రెండు స్కూటర్లూ పక్కపక్కనే ఇంటి దారి పట్టాయి. దారంతా నర్సమ్మ మనసు మనసులో లేదు. రేపు కవలల ఇంటికి ఎలా వెళ్ళాలా అన్నదే ఆలోచన. వీధి మలుపులో వెనక నుంచి ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినబడింది. ఎవరా అని చూస్తే మాస్టారు.

"మీరు పాడుతారా?" అంది ఆశ్చర్యంగా.

"ఎప్పుడూ పాడుతూనే ఉంటాను. నీకే వినబడదు."

నర్సమ్మ బ్రేకు వేసింది. పక్కన కరెంటు బండి, కింద తన బండి. చెవులు రిక్కించింది. రెండింటిలో ఏది నడుస్తోందో, ఏది ఆగిందో చెప్పడం కష్టంగా ఉంది.

మర్నాడు తెల్లవారాక ఆవిడ తన పాత స్కూటరు మీదే కవలల ఇంటి గుమ్మం దాకా వెళ్ళింది. ఇద్దరినీ నిద్రలోనే తూకం వేసింది, పక్క సర్దింది. తల్లితో మాట్లాడి సంచీ సర్దుకుంటుండగా నాయనమ్మ పెరటి వైపు నుంచి వచ్చి ఉలిక్కిపడింది.

"నువ్వెప్పుడొచ్చావమ్మా? నడిచొచ్చావా పాపం? అయ్యో, నా ఫోను వల్లే కదా ఇదంతా." ఆవిడ అప్పటికప్పుడు డాక్టరమ్మకు ఫోను చేసి, అంత మంచి నర్సును నడిపిస్తారా, ఒక బండైనా ఇవ్వరా అని దులిపేసింది.

అదే ఉదయం మేస్త్రి షెడ్డులో గోనె పరిచి ఎర్ర స్కూటరును ఆసాంతం విప్పాడు. అమ్మినవాళ్ళ మనిషి పరుగున వచ్చి, విప్పితే గ్యారంటీ పోతుందని మొత్తుకున్నాడు. అప్పటికే అది గోనె మీద ఎక్కడో పోయింది. సాయంత్రానికి మేస్త్రి దాన్ని మళ్ళీ బిగించాడు. ఒక్క మర కూడా మిగల్లేదు, బండి మునుపటికన్నా బాగా నడిచింది.

"ఇందులోనూ పనుంది మాస్టారూ. బేరింగులున్నాయి, బ్రేకులున్నాయి, వైర్లున్నాయి. ఊరికే ఆడిపోసుకున్నాను," అన్నాడు దాన్ని గుడ్డతో తుడుస్తూ. ఆ గుడ్డ ఎవరి చేతిరుమాలో ఆయన ఇప్పటికీ కనుక్కోలేదు.

ప్రభుత్వం వారి ఆఖరు తేదీ అలవాటు ప్రకారం ముందుకు జరిగింది. మేస్త్రి చూస్తానన్నాడని తెలియగానే ఎదురింటి పిన్నిగారు అందరికంటే ముందు వెళ్ళి తెల్ల స్కూటరు తెచ్చుకున్నారు. ఆవిడ వెనక పాలవాడు, ఆయన వెనక వీధంతా కదిలింది. నర్సమ్మ కూడా తేదీ జరిగినప్పుడల్లా తన బండిని తీసుకెళ్ళి వరుసలో నిలబడుతుంది. అది ఫెయిలవనంటోంది.

ఏడాదిగా ఒక్కరూ రాని వీధి నుంచి ఇంతమంది ఎందుకు వచ్చారో రవాణా శాఖవారు స్వయంగా వచ్చి విచారించి, కారణం కేంద్రం గేటుకు కట్టిన ప్రకటన బ్యానరేనని తేల్చి, దాన్ని ఇంకా పెద్దది చేయించారు.